క్యాన్సర్, కిడ్నీ, షుగర్: ముందే పట్టుకునే పరీక్షల్లో ఏది ఎవరికి?

ఒంట్లో ఏ బాధా లేదు. అయినా లోపల ఏదైనా మొదలైందేమో తెలుసుకోవాలని ఉంటుంది. కోత, గొట్టం, మత్తుమందు లేకుండా తెలిస్తే ఇంకా మంచిది. ఈ కోరికలో తప్పేమీ లేదు. అయితే మలంలో, మూత్రంలో, ఊపిరిలో, రక్తంలో జబ్బు ఆనవాళ్లు వెతికే పరీక్షలు ఇప్పుడు ఎన్ని ఉన్నాయంటే, వాటిలో ఒకటి ఎంచుకోవడమే టెన్షన్ అయిపోయింది. ఈ ఆనవాళ్లనే బయోమార్కర్లు అంటున్నాం. చేతి నుంచి కాస్త రక్తం తీసి చేసే పరీక్షలను కూడా ఇక్కడ కలిపే చూస్తున్నాను. అవి లేకపోతే చేయాల్సి వచ్చేది బయాప్సీయో, ఎండోస్కోపీయో కదా.

"ఎక్కువ జబ్బులు పట్టే పరీక్ష ఏది?" అని చాలామంది అడుగుతారు. ముందు వేసుకోవాల్సిన ప్రశ్న అది కాదు. పాజిటివ్ వస్తే మర్నాడు ఏం చేస్తారు? ఆ పని వల్ల మనిషి ఎక్కువ కాలం, లేదా మెరుగ్గా బతుకుతాడని రుజువై ఉందా? ఈ రెండింటికీ జవాబు ఉంటే ఆ పరీక్ష ఎంత పాతదైనా చేయించుకోవాలి. జవాబు లేకపోతే ఎంత కొత్తదైనా ఆగొచ్చు. 1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం విల్సన్, యుంగ్నర్ రాసిన స్క్రీనింగ్ సూత్రాలలోనూ ఈ మాట ఉంది: దొరికిన జబ్బుకు ఒప్పుకోదగ్గ చికిత్స ఉండాలి, నిర్ధారించడానికీ చికిత్స చేయడానికీ సదుపాయం ఉండాలి. యాభై ఏళ్లు దాటినా ఇంతకంటే మంచి కొలబద్ద నాకు కనబడలేదు.

ఇంకో సంగతి మొదటే చెప్పాలి. ఇక్కడ రాస్తున్నదంతా ఏ లక్షణమూ లేనివాళ్ల కోసం. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, మింగడం కష్టం కావడం, తగ్గని గడ్డ, నెలసరి ఆగిపోయాక మళ్లీ రక్తస్రావం... వీటిలో ఏది కనిపించినా ఏ కిట్టూ కొనకండి, నేరుగా డాక్టరు దగ్గరకు వెళ్లండి. అలాంటప్పుడు స్క్రీనింగ్ పరీక్షలో నెగెటివ్ రావడం మేలు కంటే కీడే చేయవచ్చు.

ముందుగా చిన్న లెక్క

ఒక పరీక్ష వంద మంది రోగుల్లో 90 మందిని పట్టుకుంటుంది, వంద మంది ఆరోగ్యవంతుల్లో 90 మందికి సరిగ్గా నెగెటివ్ చెబుతుంది అనుకుందాం. వినడానికి చాలా బాగుంది. నూటికి ఒక్కరికే ఆ జబ్బున్న 10,000 మందికి దాన్ని చేద్దాం. జబ్బున్న 100 మందిలో 90 మంది దొరుకుతారు. జబ్బు లేని 9,900 మందిలో 990 మందికి కూడా పాజిటివ్ వస్తుంది. పాజిటివ్ వచ్చిన వాళ్లు మొత్తం 1,080 మంది. అందులో నిజంగా జబ్బున్నది పన్నెండు మందిలో ఒక్కరికి. మిగిలిన పదకొండు మందీ నిద్ర లేకుండా స్కానింగుల చుట్టూ తిరుగుతారు.

అదే పరీక్షను నూటికి ఇరవై మందికి ఆ జబ్బున్న గుంపులో చేస్తే కథ మారిపోతుంది. అప్పుడు పాజిటివ్ వచ్చిన ముగ్గురిలో ఇద్దరికి పైగా నిజంగానే జబ్బు ఉంటుంది. కిట్ అదే, ల్యాబ్ అదే. మారింది మనుషులు. అందుకే "ఈ పరీక్ష మంచిదేనా?" అని విడిగా అడిగితే జవాబు దొరకదు. నా వయసుకు, నా కుటుంబ చరిత్రకు, నాకున్న జబ్బులకు ఇది మంచిదేనా అని అడగాలి.

పెద్దపేగు: మలం పరీక్షా, రక్త పరీక్షా?

ఎంపిక నిజంగా కష్టమయ్యేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చూద్దాం. పెద్దపేగు క్యాన్సర్ చాలావరకు పాలిప్ అనే చిన్న బుడిపెగా మొదలవుతుంది. అది క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్ల దాకా పడుతుంది. ఈలోపు కొలనోస్కోపీలో, అంటే గొట్టంతో పేగు లోపల చూసే పరీక్షలో, ఆ బుడిపెను తీసేస్తే క్యాన్సర్ రాకుండానే ఆపినట్టు. కాబట్టి ఇక్కడ పరీక్షను రెండు రకాలుగా తూచాలి: వచ్చేసిన క్యాన్సర్‌ను ఎంత పడుతోంది, క్యాన్సర్ కాబోయే పాలిప్‌ను ఎంత పడుతోంది.

మలంలో కంటికి కనపడని రక్తాన్ని వెతికే పాత గ్వాయాక్ పరీక్షతోనే ఈ కథ మొదలైంది. అమెరికాలోని మినెసోటాలో జరిగిన పెద్ద అధ్యయనంలో, ఏటా ఆ పరీక్షకు పిలిచిన వాళ్లలో పెద్దపేగు క్యాన్సర్ మరణాలు 33 శాతం తగ్గాయని 1993లో తేలింది. కాకపోతే మాంసాహారం, విటమిన్ సి లాంటివి ఆ పరీక్షను తప్పుదోవ పట్టించేవి. దాని స్థానంలో వచ్చిన మలం పరీక్షే ఫిట్ (FIT). ఇది మనిషి హిమోగ్లోబిన్‌ను మాత్రమే యాంటీబాడీలతో గుర్తిస్తుంది. కాబట్టి ముందు రోజు ఏం తిన్నారన్న పట్టింపు లేదు. పుల్లతో కొద్దిగా మలం తీసి చిన్న ట్యూబులో పెట్టి ఇస్తే చాలు.

ఫిట్ మీద మెరుగుగా వచ్చింది మలం డీఎన్‌ఏ పరీక్ష. పేగు గోడ నుంచి రాలిన కణాల డీఎన్‌ఏలో క్యాన్సర్ మార్పులను వెతుకుతూ, హిమోగ్లోబిన్‌నూ కలిపి చూస్తుంది. కొలోగార్డ్ పేరుతో 2014లో అమెరికాలో అనుమతి పొందింది. ఆ తర్వాత రక్తంలో తేలే డీఎన్‌ఏ ముక్కలను చదివే పరీక్ష వచ్చింది. షీల్డ్ అనే రక్త పరీక్షకు 2024 జులైలో అక్కడే అనుమతి దొరికింది.

2024లో వెలువడిన రెండు పెద్ద అధ్యయనాలు ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడటానికి పనికొస్తాయి. వాటిలో పాల్గొన్నవారంతా చివరికి కొలనోస్కోపీ కూడా చేయించుకున్నారు కాబట్టి అసలు నిజం ఏమిటో తెలుసు. కొత్త తరం మలం డీఎన్‌ఏ పరీక్ష క్యాన్సర్లలో 93.9 శాతాన్ని పట్టింది. అదే అధ్యయనంలో ఫిట్ 67.3 శాతం పట్టింది. ముదిరిన పాలిప్‌ల విషయంలో డీఎన్‌ఏ పరీక్షకు 43.4 శాతం, ఫిట్‌కు 23.3 శాతం. అయితే పేగులో క్యాన్సర్ గానీ ముదిరిన పాలిప్ గానీ లేనివాళ్లకు అనవసరంగా పాజిటివ్ రావడం డీఎన్‌ఏ పరీక్షలో నూటికి తొమ్మిది మంది దాకా ఉంటే, ఫిట్‌లో ఐదుగురు. రక్త పరీక్ష మాటకొస్తే, క్యాన్సర్‌ను 83.1 శాతం పట్టింది, అనవసర పాజిటివ్‌లు నూటికి పది.

రక్త పరీక్ష ఫిట్ కంటే బాగుంది కదా అనిపిస్తుంది. కానీ పాలిప్‌ల అంకె చూడండి: 13.2 శాతం. పేగులో ఏమీ లేనివాళ్లలోనే నూటికి పది మందికి పాజిటివ్ చెప్పే పరీక్ష, ముదిరిన పాలిప్ ఉన్నవాళ్లలో నూటికి పదమూడు మందికి పాజిటివ్ చెబుతోంది. ఆ రెండు అంకెల మధ్య తేడా ఎంత తక్కువో చూస్తే అర్థమవుతుంది, పాలిప్‌ను అది దాదాపు గుర్తించడం లేదని. క్యాన్సర్ వచ్చాక పట్టుకోవడానికి అది పనికొస్తుంది. రాకుండా ఆపడానికి పనికిరాదు. ప్రకటనల్లో ఈ సంగతి పెద్ద అక్షరాలతో కనపడదు, అందుకే ఇంత నొక్కి చెబుతున్నాను.

ఫిట్ ఒక్కసారి చేస్తే మూడింట ఒక వంతు క్యాన్సర్లు తప్పిపోతున్నాయి కదా, మరి దాన్నెందుకు నమ్మాలి? ఎందుకంటే అది ఒక్కసారి చేసే పరీక్ష కాదు, ఏటా చేసేది. పాలిప్ నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి ఈ ఏడు తప్పించుకున్నది వచ్చే ఏడు దొరకడానికి అవకాశం ఉంటుంది. స్పెయిన్‌లో యాభై ఏడు వేల మందికి పైగా పాల్గొన్న అధ్యయనంలో సగం మందిని ఒకసారి కొలనోస్కోపీకి, సగం మందిని రెండేళ్లకోసారి ఫిట్‌కు పిలిచారు. పదేళ్ల తర్వాత పెద్దపేగు క్యాన్సర్ మరణాలు కొలనోస్కోపీ గుంపులో 0.22 శాతం, ఫిట్ గుంపులో 0.24 శాతం. దాదాపు సమానం. ఫిట్‌కు ఎక్కువమంది ముందుకు రావడం కూడా దీనికి ఒక కారణం. మనిషి చేయించుకోని పరీక్ష ఎంత గొప్పదైనా ఎవరినీ కాపాడదు.

కాబట్టి నా సలహా ఇది. ఏటా గుర్తుపెట్టుకుని చేయించుకోగలిగితే ఫిట్. అంత క్రమం పాటించడం తన వల్ల కాదని తెలిసినవాళ్లకు, మూడేళ్లకోసారి మలం డీఎన్‌ఏ పరీక్ష, అది దొరికే చోట. మలం శాంపిల్ అన్న మాటే గిట్టక ఏదీ చేయించుకోని వాళ్లకు మాత్రమే రక్త పరీక్ష. అసలేమీ చేయించుకోకపోవడం కంటే అది నయం. అమెరికా నిపుణుల బృందం 2021 నుంచి 45 ఏళ్లకే మొదలుపెట్టమంటోంది. చాలా దేశాలు 50 దగ్గర మొదలుపెడుతున్నాయి.

తల్లిదండ్రులకో, తోబుట్టువులకో పెద్దపేగు క్యాన్సర్ వచ్చినవాళ్లు, ఇంతకుముందు పాలిప్‌లు తీయించుకున్నవాళ్లు, పేగుపూత జబ్బు ఉన్నవాళ్లు ఈ మూడింటి జోలికీ వెళ్లకూడదు. వాళ్లకు కొలనోస్కోపీయే దారి.

ఇక పాజిటివ్ వచ్చాక "మొలల వల్లే అయి ఉంటుందిలే" అని వదిలేయడం, లేదా ఇంకోసారి ఫిట్ చేయించి నెగెటివ్ వచ్చిందని ఊరుకోవడం, ఈ రెండూ ప్రాణం మీదకు తెచ్చే పనులే. పాజిటివ్ ఒక్కసారి వచ్చినా కొలనోస్కోపీ చేయించుకోవాల్సిందే. పది నెలలు దాటేదాకా ఆలస్యం చేసినవాళ్లలో ముదిరిన క్యాన్సర్లు ఎక్కువగా బయటపడ్డాయి.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్: ఇక్కడ సందేహం అక్కర్లేదు

ముందస్తు పరీక్షల్లో నాకు అన్నింటికంటే నమ్మకమైనది హెచ్‌పీవీ, అంటే హ్యూమన్ పాపిలోమా వైరస్ పరీక్ష. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లు దాదాపు అన్నింటికీ మూలం ఈ వైరసే. దాన్ని కనిపెట్టినందుకే హారాల్డ్ జుర్ హాసెన్‌కు 2008లో నోబెల్ వచ్చింది. కారణాన్నే పట్టుకునే పరీక్ష కాబట్టి, కణాల్లో మార్పులు వచ్చాక మైక్రోస్కోపులో చూసే పాప్ పరీక్ష కంటే ఇది ముందుగా హెచ్చరిస్తుంది. నెగెటివ్ వస్తే ఆ ధీమా ఎక్కువ ఏళ్లు నిలుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నుంచి దీన్నే మొదటి పరీక్షగా సూచిస్తోంది. సాధారణంగా 30 ఏళ్ల నుంచి, ఐదు నుంచి పదేళ్లకోసారి. హెచ్‌ఐవీ ఉన్న మహిళలు 25 ఏళ్ల నుంచే, ఇంకా తక్కువ వ్యవధిలో చేయించుకోవాలి.

చాలామంది మహిళలు ఈ పరీక్షకు దూరంగా ఉండటానికి కారణం భయం కంటే సిగ్గు, ఇబ్బంది. ఇప్పుడు ఆ ఇబ్బంది అవసరం లేదు. మెత్తటి స్వాబ్‌తో యోని నుంచి శాంపిల్ తామే తీసుకోవచ్చు. పీసీఆర్ పద్ధతిలో పరీక్షిస్తే ఆ శాంపిల్ డాక్టరు తీసినదానికి దాదాపు సమానంగా పనిచేస్తుంది. ఆస్ట్రేలియా 2022 జులై నుంచి స్క్రీనింగ్‌కు అర్హులైన మహిళలందరికీ ఈ అవకాశం ఇచ్చింది. పాప్, హెచ్‌పీవీ మధ్య ఎంచుకోవాల్సి వస్తే హెచ్‌పీవీ తీసుకోండి. సొంతంగా శాంపిల్ తీసుకునే వీలుంటే మొహమాటం లేకుండా వాడుకోండి.

హెచ్‌ఐవీ లేని ముప్పై లోపు వాళ్లకు మాత్రం తొందర అక్కర్లేదు. ఆ వయసులో ఈ వైరస్ చాలామందికి వచ్చి, ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుంది. పాజిటివ్ అంటే క్యాన్సర్ అని అర్థం కాదు, ఇంకా దగ్గరగా చూడాలని అర్థం.

కిడ్నీ సంగతి మూత్రమే ముందు చెబుతుంది

కిడ్నీ పరీక్ష అనగానే అందరూ సీరం క్రియాటినిన్ చేయిస్తారు. రిపోర్టులో అంకె గీత లోపలే ఉంటే ఊపిరి పీల్చుకుంటారు. కానీ క్రియాటినిన్ పైకి లేచేసరికి కిడ్నీ పనిలో సగం దాకా పోయి ఉండొచ్చు. పైగా అది కండరాల నుంచి వస్తుంది కాబట్టి, బక్కపలచని వాళ్లలో, పెద్ద వయసు వాళ్లలో కిడ్నీ దెబ్బతిన్నా నార్మల్‌గానే కనిపిస్తుంది.

అంతకు చాలా ముందే, ముఖ్యంగా షుగర్, బీపీ ఉన్నవాళ్లలో, మూత్రంలోకి అల్బుమిన్ అనే ప్రొటీన్ కొద్దికొద్దిగా కారడం మొదలవుతుంది. దాన్ని కొలిచేదే ఏసీఆర్, అంటే మూత్రంలో అల్బుమిన్, క్రియాటినిన్‌ల నిష్పత్తి. గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాముల లోపు ఉంటే ఫర్వాలేదు. 30 నుంచి 300 మధ్య ఉంటే కిడ్నీ మొరపెట్టుకుంటోందని. 300 దాటితే జబ్బు బాగా ముందుకెళ్లిందని. కాగితపు పట్టీ మూత్రంలో ముంచి చూసే మామూలు పరీక్ష తొలిదశలోని ఈ కొద్దిపాటి అల్బుమిన్‌ను తరచూ పట్టుకోలేదు. మూత్ర పరీక్షే కదా, ఏదైతేనేం అనుకోవద్దు. చీటీలో ఏసీఆర్ అని విడిగా రాయించుకోండి.

మర్నాడు ఏం చేస్తారన్న ప్రశ్నకు ఈ పరీక్ష దగ్గర గట్టి జవాబు ఉంది. బీపీ అదుపు, ఏసీఈ ఇన్‌హిబిటర్లు లేదా ఏఆర్‌బీ రకం బీపీ మందులు, 2019, 2020లలో వచ్చిన పెద్ద అధ్యయనాల తర్వాత షుగర్‌కు వాడే ఎస్‌జీఎల్‌టీ2 మందులు, ఇవన్నీ కిడ్నీ పాడయ్యే వేగాన్ని తగ్గిస్తాయి. డయాలసిస్ దాకా వెళ్లే ప్రయాణాన్ని ఏళ్ల తరబడి వెనక్కి నెట్టగల కబురు ఒక చిన్న సీసా మూత్రంలో ఉంది. అయినా షుగర్ ఉన్న ఎంతోమంది ఈ పరీక్ష పేరే వినకుండా ఏళ్లు గడిపేస్తున్నారంటే బాధగా ఉంటుంది. టైప్ 2 షుగర్ ఉన్నవాళ్లు జబ్బు బయటపడిన రోజు నుంచే ఏటా చేయించుకోవాలి. టైప్ 1 వాళ్లు ఐదేళ్ల తర్వాత నుంచి.

ఒక్కసారి ఎక్కువ వచ్చినంత మాత్రాన జబ్బని తేల్చేయకూడదు. జ్వరం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, గట్టి వ్యాయామం, నెలసరి కూడా అంకెను పెంచుతాయి. పొద్దున లేవగానే వచ్చే మూత్రం ఇవ్వడం మంచిది. మూడు నెలల తర్వాత కూడా ఎక్కువే ఉంటే అప్పుడు కిడ్నీ జబ్బు అంటారు. క్రియాటినిన్‌తో లెక్కగట్టే ఈజీఎఫ్‌ఆర్‌ను, అంటే కిడ్నీ వడపోత వేగాన్ని, దీనికి తోడుగా చూడాలి. ఇది కావాలా, అది కావాలా అని తేల్చుకోవాల్సిన పని లేదు, రెండూ కావాలి.

షుగర్, లివర్, కడుపు

షుగర్‌కు పరగడుపు పరీక్ష, రెండు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ రెండూ మంచివే. పరగడుపున 126, లేదా హెచ్‌బీఏ1సీ 6.5 శాతం, ఆపైన ఉంటే షుగర్. 100 నుంచి 125, లేదా 5.7 నుంచి 6.4 ఉంటే సరిహద్దులో ఉన్నట్టు. రక్తహీనత, తలసీమియా లాంటి హిమోగ్లోబిన్ తేడాలు ఉన్నవాళ్లలో హెచ్‌బీఏ1సీ తప్పు చెబుతుంది, వాళ్లు పరగడుపు పరీక్షను నమ్ముకోవాలి. మూత్రంలో షుగర్ చూసే పద్ధతిని మాత్రం మరిచిపోండి. రక్తంలో 180 దాటితే గానీ అది సాధారణంగా మూత్రంలోకి రాదు. సరిహద్దులో దొరికితే లాభం పెద్దది: 2002లో వెలువడిన అమెరికా అధ్యయనంలో ఆహారం, నడక, బరువు తగ్గడంతోనే షుగర్‌గా మారడం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్రతో తగ్గింది 31 శాతం.

లివర్‌లో కొవ్వు ఉందని స్కానింగ్‌లో రాగానే భయపడేవాళ్లు చాలామంది. కొవ్వు ఉందా లేదా అన్నదానికంటే లివర్ గట్టిపడిందా లేదా అన్నదే ముఖ్యం. దానికి మొదటి మెట్టు ఫిబ్-4. వయసు, రెండు లివర్ ఎంజైములు, ప్లేట్‌లెట్లు, ఈ నాలుగు అంకెలతో వేసే లెక్క. మామూలు రక్త పరీక్షల్లోంచే వస్తుంది. 1.3 కంటే తక్కువుంటే ఇప్పటికి నిశ్చింత. ఎక్కువుంటే ఫైబ్రోస్కాన్‌తో లివర్ గట్టిదనం కొలుస్తారు. 35 ఏళ్ల లోపు వాళ్లలో ఈ లెక్క సరిగ్గా పనిచేయదు. 65 దాటినవాళ్లకు గీతను 2 దగ్గర పెట్టుకోవాలి.

కడుపు విషయంలో ఊపిరి పరీక్ష ఒకటి ఉంది, దానికి రావాల్సినంత పేరు రాలేదు. హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియాను ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 1994లోనే క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో చేర్చింది. యూరియా కలిపిన ద్రవం తాగి, కాసేపటికి ఒక సంచిలోకి ఊపిరి వదిలితే అది ఉందో లేదో తెలుస్తుంది. మలం యాంటిజెన్ పరీక్ష కూడా అంతే నమ్మకమైనది. రక్తంలో యాంటీబాడీ పరీక్ష వద్దు, చికిత్స అయిపోయాక కూడా అది పాజిటివ్ చూపిస్తూనే ఉంటుంది. ఇంట్లో ఎవరికైనా కడుపు క్యాన్సర్ వచ్చి ఉంటే ఇది తప్పక చేయించుకోవాలి. 2020లో వెలువడిన కొరియా అధ్యయనంలో, అలాంటి కుటుంబాల వాళ్లకు ఈ బాక్టీరియాను తొలగించే మందులిస్తే కడుపు క్యాన్సర్ 1.2 శాతం మందికి వచ్చింది, ఇవ్వని వాళ్లలో 2.7 శాతం మందికి.

పీఎస్‌ఏ: తెలిసి చేయించుకోవాల్సిన పరీక్ష

ప్రోస్టేట్ కోసం రక్తంలో ఒక ప్రొటీన్‌ను కొలిచే పీఎస్‌ఏ అటూ ఇటూ కాని పరీక్ష. ప్రోస్టేట్ గ్రంథి పెరిగినా, వాచినా, ముందు రోజు వీర్యస్ఖలనం జరిగినా అంకె పెరగొచ్చు. మరోవైపు అంకె 4 లోపు ఉన్నవాళ్లకు బయాప్సీ చేసి చూస్తే సుమారు 15 శాతం మందిలో క్యాన్సర్ కనపడిందని 2004లో తేలింది. వాటిలో ఎక్కువ భాగం మనిషికి ఎప్పటికీ హాని చేయని రకమే.

మరి మేలు లేదా? ఉంది. యూరప్‌లో 23 ఏళ్ల పాటు సాగిన అధ్యయనంలో పీఎస్‌ఏకు పిలిచిన గుంపులో ప్రోస్టేట్ క్యాన్సర్ మరణాలు 13 శాతం తగ్గాయి. పరీక్షకు పిలిచిన ప్రతి 456 మందిలో ఒక ప్రాణం నిలిచింది. ఇంకో పక్క, అవసరం లేని చికిత్సతో మూత్రం ఆపుకోలేకపోవడం, లైంగిక సమస్యలు మిగిలినవాళ్లూ ఉన్నారు. ఇప్పుడు పాజిటివ్ రాగానే ఎంఆర్‌ఐ చేసి, అవసరమైతేనే బయాప్సీకి వెళ్లడం, ప్రమాదం తక్కువ రకమైతే ఆపరేషన్ చేయకుండా గమనిస్తూ ఉండటం వచ్చాక ఆ నష్టం తగ్గింది. 55 నుంచి 69 మధ్య వయసు వాళ్లు డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవాలి. 70 దాటి, ఏ బాధా లేకపోతే దీని జోలికి పోవద్దంటాను.

ట్యూమర్ మార్కర్ల ప్యాకేజీ

రక్తంలో కొలిచే క్యాన్సర్ గుర్తులు సీఈఏ, సీఏ-125, సీఏ 19-9, ఏఎఫ్‌పీ అన్నీ కలిపి "ఫుల్ బాడీ క్యాన్సర్ చెకప్" అని ఇస్తుంటారు. లక్షణాలు లేని, ప్రత్యేక ప్రమాదం లేని మనిషికి ఇది వద్దు. నిప్పు లేనిదే పొగ రాదంటారు గానీ, ఇక్కడ నిప్పు లేకుండానే పొగ వస్తుంది. పొగతాగేవాళ్లకు సీఈఏ పెరుగుతుంది. ఎండోమెట్రియోసిస్, గర్భాశయ గడ్డలు, నెలసరి వల్ల సీఏ-125 పెరుగుతుంది. కామెర్లుంటే సీఏ 19-9 పెరుగుతుంది. కొందరిలోనైతే పుట్టుకతోనే శరీరం సీఏ 19-9 తయారుచేయదు, వాళ్లకు పాంక్రియాస్ క్యాన్సర్ ఉన్నా అంకె సున్నా దగ్గరే ఉంటుంది. ఇవి పుట్టింది క్యాన్సర్ ఉందని తేలాక చికిత్స ఎలా సాగుతోందో చూడటానికి. ఏఎఫ్‌పీ మాత్రం సిర్రోసిస్ (లివర్ బాగా గట్టిపడిపోయే జబ్బు) ఉన్నవాళ్లకు, హెపటైటిస్ బి ఉండి ప్రమాదం ఎక్కువున్నవాళ్లకు ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్‌తో కలిపి చేస్తారు, అది సబబే.

సీఏ-125 గురించి ఇంకో మాట. బ్రిటన్‌లో రెండు లక్షల మందికి పైగా మహిళలతో జరిగిన అధ్యయనం ఫలితాలు 2021లో వచ్చాయి. ఏటా సీఏ-125 మార్పును గమనిస్తూ, అవసరమైతే స్కానింగ్ చేసిన గుంపులో అండాశయ క్యాన్సర్లు తొలిదశలో ఎక్కువగానే దొరికాయి. కానీ మరణాలు తగ్గలేదు. ముందుగా దొరకడం, ప్రాణం నిలవడం వేర్వేరు సంగతులని ఇంత స్పష్టంగా చెప్పిన అధ్యయనం అరుదు.

ఒక్క రక్త పరీక్షతో యాభై క్యాన్సర్లు

ఇప్పుడు అందరి కళ్లూ ఉన్నది వీటి మీదే. కణాలు చనిపోయినప్పుడు వాటి డీఎన్‌ఏ ముక్కలు రక్తంలోకి వస్తాయి. రక్తంలో ఇలాంటి జన్యు పదార్థం ఉంటుందని మాండెల్, మెటే అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు 1948లోనే రాశారు. ఆ ముక్కల మీద ఉండే మిథైలేషన్ అనే రసాయన గుర్తులను బట్టి అవి క్యాన్సర్ నుంచి వచ్చాయా, ఏ అవయవం నుంచి వచ్చాయి అన్నది కూడా ఇప్పుడు చెప్పగలుగుతున్నారు. గాలెరి అనే పరీక్ష యాభైకి పైగా క్యాన్సర్ల గుర్తులు వెతుకుతుంది. సైన్స్‌గా ఇది నిజంగా అబ్బురం.

అయితే అంకెలు దశలవారీగా చూడాలి. 2021లో వెలువడిన ఫలితాల్లో ఆరోగ్యవంతులకు పొరపాటున పాజిటివ్ చెప్పడం 200 మందిలో ఒక్కరికే. ఇది చాలా గొప్ప విషయం. కానీ మొదటి దశ క్యాన్సర్లలో పట్టింది 16.8 శాతం. రెండో దశలో 40.4, మూడో దశలో 77, నాలుగో దశలో 90.1. ముందుగా పట్టుకోవడం కోసం చేయించుకునే పరీక్ష, ఆలస్యమైన దశలోనే బాగా పడుతోంది. చిన్న గడ్డ రక్తంలోకి వదిలే డీఎన్‌ఏ బహు తక్కువ, అదే అసలు చిక్కు. 6,621 మందితో చేసిన ఇంకో అధ్యయనంలో 92 మందికి పాజిటివ్ వస్తే, 35 మందికి క్యాన్సర్ ఉన్నట్టు తేలింది. మిగతా 57 మందికి లేదు. లేదని తేలడానికి వాళ్లు స్కానింగులు, కొందరైతే బయాప్సీలు కూడా దాటాల్సి వచ్చింది.

పట్టుకుంటే చాలు, నష్టమేముంది అనేవాళ్లకు జపాన్ అనుభవం చెబుతాను. న్యూరోబ్లాస్టోమా అనే పసిపిల్లల క్యాన్సర్ కోసం 1980ల మధ్య నుంచి అక్కడ ఆరు నెలల పిల్లలందరికీ మూత్ర పరీక్ష చేశారు. ఇంతకంటే సులువైన పరీక్ష ఉండదు. ఎన్నో గడ్డలు దొరికాయి, పిల్లలకు ఆపరేషన్లు, కీమోథెరపీ జరిగాయి. కానీ జర్మనీ, కెనడాలలో ఇలాంటి పరీక్ష మీద జరిగిన అధ్యయనాలు 2002లో వచ్చాక తేలిందేమిటంటే, ఆ వయసులో దొరికే గడ్డల్లో చాలావరకు వాటంతటవే కరిగిపోయేవని, పరీక్ష వల్ల మరణాలు తగ్గలేదని. జపాన్ 2004లో ఆ కార్యక్రమాన్ని ఆపేసింది. నొప్పి లేని పరీక్ష వెనక నొప్పి ఉన్న చికిత్స ఉండొచ్చు.

కాబట్టి ఈ బహుళ క్యాన్సర్ రక్త పరీక్ష చేయించుకోవాలని మనసు పీకుతుంటే, ముందు ఫిట్, హెచ్‌పీవీ, మామోగ్రఫీ లాంటివి మీ వయసుకు తగ్గట్టు పూర్తి చేయండి. ఎక్కువ ఏళ్లు పొగతాగినవాళ్లు ఊపిరితిత్తులకు తక్కువ రేడియేషన్ సీటీ కూడా. ఇవి కాకుండా అదొక్కటే చేయించుకుని, నెగెటివ్ వచ్చిందని మిగతావి మానేయడం అన్నింటికంటే చెడ్డ ఎంపిక.

చేతి వాచీలు గుండె లయ తప్పడాన్ని చెప్పడం, అల్జీమర్స్‌కు పీ-టావ్217 అనే ప్రొటీన్‌ను చూసే రక్త పరీక్ష, ఈ రెండింటి గురించీ క్లుప్తంగా. వాచీ హెచ్చరిస్తే ఈసీజీ తీయించుకోండి. హెచ్చరించలేదని గుండె భేషుగ్గా ఉందనుకోవద్దు. అల్జీమర్స్ రక్త పరీక్షల్లో ఒకదానికి 2025 మేలో అమెరికా అనుమతి వచ్చింది. అది మతిమరుపు లక్షణాలు మొదలైన 55 ఏళ్లు దాటినవాళ్లకే. బాగున్నవాళ్లు ఆత్రంతో చేయించుకుంటే దక్కేది భయం మాత్రమే.

శాంపిల్ ఇచ్చే ముందు

ఊపిరి పరీక్షకూ, మలం యాంటిజెన్ పరీక్షకూ రెండు వారాల ముందు నుంచి గ్యాస్ మాత్రలు, అంటే ఒమెప్రజోల్ లాంటివి, డాక్టరును అడిగి ఆపాలి. యాంటీబయాటిక్స్ వాడి ఉంటే నాలుగు వారాలు ఆగాలి. ప్రోస్టేట్ కోసం ఫినాస్టరైడ్ వాడుతున్నవాళ్లకు పీఎస్‌ఏ సగానికి పడిపోతుంది, ఆ సంగతి చెప్పకపోతే రిపోర్టు తప్పుగా చదువుతారు. జుట్టు కోసం వాడే మాత్రల్లోనూ ఇదే మందు ఉండొచ్చు. జుట్టు, గోళ్ల కోసం ఎక్కువ మోతాదు బయోటిన్ తీసుకునేవాళ్లు కూడా ల్యాబ్‌కు ముందే చెప్పాలి. కొన్ని రక్త పరీక్షల అంకెలను అది పైకో కిందికో లాగేస్తుంది. ఫిట్ శాంపిల్ ట్యూబులో పెట్టాక ఎండలో, వేడిలో ఉంచితే హిమోగ్లోబిన్ పాడై దొంగ నెగెటివ్ రావచ్చు, కాబట్టి ఆలస్యం చేయకుండా అందించండి. పాత రిపోర్టులు దాచి వెంట తీసుకెళ్లండి. ఏసీఆర్, పీఎస్‌ఏ, ఈజీఎఫ్‌ఆర్ లాంటివి ఒక్క అంకెగా చూసినప్పటికంటే, ఏడాదికేడాది ఎటు కదులుతున్నాయో చూసినప్పుడే డాక్టరుకు ఎక్కువ చెబుతాయి.